క్యాన్యులా ఫ్లష్: చార్టులో గడి లేని మందు

కేస్‌షీట్‌లో ప్రతి మందుకీ ఒక గడి ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్‌కి ఉంటుంది, పాంటాప్‌కి ఉంటుంది. మోతాదు, వేళ, ఇచ్చినవాళ్ల సంతకం అన్నీ ఉంటాయి. ఆ మందుల ముందూ వెనకా క్యాన్యులాలోకి, అంటే నరంలో పెట్టిన సన్నటి గొట్టంలోకి, తోసే నార్మల్ సెలైన్‌కి మాత్రం గడి ఉండదు. దాన్నే ఫ్లష్ అంటాం. ఎన్ని ఎంఎల్ తోయాలి, ఏ సిరంజితో, ఎంత నెమ్మదిగా అన్నది నేర్పిన సీనియర్ చేతివాటాన్ని బట్టి నడిచిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలో కొత్తగా వార్డు డ్యూటీకి వచ్చిన స్టాఫ్ నర్సులు మళ్లీ మళ్లీ అడిగేవి కూడా ఇవే. గట్టిగా ఉంటే ఎంతవరకు తోయొచ్చు? గడ్డ లోపలికి పోతే ఏమవుతుంది? సిరంజి లాగితే బ్యాక్‌ఫ్లో, అంటే రక్తం వెనక్కి రాకపోతే ఇంజెక్షన్ ఇవ్వొచ్చా? ఆంప్యూల్స్ రాని రోజు సెలైన్ ఎక్కణ్నుంచి తీయాలి? భయపడి అడిగే ప్రశ్నలే అయినా ఇవన్నీ సరైన ప్రశ్నలు. ఫ్లష్‌ని మందులాగే చూడాలన్నది నా గట్టి నమ్మకం. ఆ లెక్కన ఒక్కొక్కటీ చెబుతాను.

ముందు పరిమాణం. చేతికి పెట్టే క్యాన్యులా లోపలి ఖాళీ చాలా చిన్నది. గులాబీ రంగు 20 గేజ్ గానీ, నీలం రంగు 22 గేజ్ గానీ పావు ఎంఎల్ కూడా పట్టవు. దానికి మూడు దారుల త్రీవే, చిన్న ఎక్స్‌టెన్షన్ గొట్టం తగిలిస్తే మరికాస్త పెరుగుతుంది. ఆ మొత్తం ఖాళీకి కనీసం రెట్టింపు సెలైన్ పోవాలన్నది నియమం. పెద్దవాళ్లకి 5 ఎంఎల్ అనుకుంటే ఏ అమరికకైనా సరిపోతుంది. పసిపిల్లలకి పసుపు రంగు 24 గేజ్‌లో అర ఎంఎల్ నుంచి 1 ఎంఎల్, కాస్త పెద్ద పిల్లలకి 1 నుంచి 3 ఎంఎల్. మందుకి ముందొకసారి, మందు తర్వాత ఒకసారి. మందులేవీ లేకుండా ఊరికే మూసి ఉంచిన లైన్‌కి షిఫ్టుకోసారి, అంటే 8 గంటలకోసారి. అలా మూసి ఉంచడాన్ని హెప్‌లాక్ అని పిలవడం అలవాటే గానీ చేతి క్యాన్యులాకి హెపారిన్ అక్కర్లేదు, నార్మల్ సెలైన్ చాలు. హెపారిన్ వయల్స్ వేర్వేరు బలాల్లో ఒకేలాంటి సీసాల్లో వస్తాయి. దాన్ని పల్చన చేసేటప్పుడు జరిగే పొరపాటు, లైన్ మూసుకుపోవడం కంటే చాలా పెద్ద ప్రమాదం.

ఇక సిరంజి. చేతికి అందేది 2 ఎంఎల్ సిరంజి, ఎందుకంటే స్టోర్ నుంచి ఎక్కువగా వచ్చేది అదే. చిక్కు కూడా అక్కడే ఉంది. బొటనవేలి బలం అంతే ఉన్నా, పిస్టన్ వెడల్పు తగ్గేకొద్దీ సిరంజి మూతి దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. 10 ఎంఎల్ సిరంజితో పోలిస్తే 2 ఎంఎల్ సిరంజి అదే బలానికి సుమారు మూడు రెట్లు ఒత్తిడి పుట్టిస్తుంది. మూసుకుపోయిన లైన్ ఆ ఒత్తిడికి తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. నిజానికి నరం గోడ చిరిగి ఉండొచ్చు, మెత్తని గొట్టం చిట్లి ఉండొచ్చు. అందుకే లైన్ బాగుందో లేదో చూసే మొదటి ఫ్లష్‌ని 10 ఎంఎల్ సిరంజితోనే చేయాలి. సిరంజి 10 ఎంఎల్‌ది అయినంత మాత్రాన నిండా నింపనక్కర్లేదు, అందులో 5 ఎంఎల్ తీస్తే చాలు. లైన్ సాఫీగా ఉందని తేలాక అసలు మందుని దాని మోతాదుకి తగ్గ చిన్న సిరంజితోనే ఇవ్వొచ్చు. మందుని చిన్న సిరంజిలోంచి పెద్ద సిరంజిలోకి మార్చొద్దు. అలా మార్చేటప్పుడే మోతాదు తప్పుతుంది, క్రిములు చేరతాయి, సిరంజి మీద పేరు మాయమవుతుంది.

చేసే పద్ధతి ఇది. చేతులు కడుక్కోండి, లేదా రబ్ రాసుకోండి. ఆంప్యూల్ మీది పేరు చదివి సెలైన్ తీయండి, గాలి బుడగలు పూర్తిగా వెళ్లగొట్టండి. త్రీవే మూతినో, కనెక్టర్ తలనో 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్దండి. దూదిని అలా తాకించి తీసేస్తే రుద్దినట్టు కాదు. తర్వాత ఆరనివ్వాలి. క్రిముల్ని చంపే పనిలో సగం ఆ ఆరడంలోనే జరుగుతుంది. ఊదొద్దు, చేత్తో విసరొద్దు. సిరంజి తగిలించే ముందు క్యాన్యులా చుట్టూ వేలితో తడిమి, రోగి మొహం చూడండి. తర్వాత ఒక్కో ఎంఎల్ చొప్పున కొంచెం తోసి, క్షణం ఆగి, మళ్లీ తోయండి. ఒకే ధారగా తోస్తే ద్రవం గొట్టం మధ్యలోంచి సాఫీగా జారిపోతుంది. ఆపి ఆపి తోస్తే లోపల సుడి తిరిగి, గోడకి అంటుకున్న మందునీ రక్తపు పొరనీ కడుగుతుంది.

చివరి అర ఎంఎల్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పిస్టన్‌ని అడుగు దాకా నొక్కితే దాని రబ్బరు అణిగి, చెయ్యి తీయగానే వెనక్కి లేస్తుంది. ఆ లేవడంలో క్యాన్యులా కొనలోకి రక్తం చుక్క ఎక్కుతుంది. రెండు మూడు గంటల్లో అదే గడ్డవుతుంది. కాబట్టి సిరంజిలో అర ఎంఎల్ మిగిల్చి, ఇంకా నెమ్మదిగా తోస్తూ ఉండగానే క్లాంప్ వేయండి, లేదా త్రీవే చెవి తిప్పండి. పైన రంగు మూత ఉన్న పోర్టు నుంచి ఇస్తుంటే, తోస్తూనే సిరంజిని బయటికి లాగండి. సూది లేని కనెక్టర్ వాడే చోట దాని రకాన్ని బట్టి వరస మారుతుంది. నెగెటివ్ రకానికి ముందు క్లాంప్, తర్వాత సిరంజి తీయడం. పాజిటివ్ రకానికి ముందు సిరంజి తీసి, తర్వాత క్లాంప్. న్యూట్రల్ రకానికి ఏ వరసైనా ఫరవాలేదు. ప్యాకెట్ మీద ఆ రకం రాసి ఉంటుంది, డబ్బా పారేసేలోపు చూసి పెట్టుకోండి.

ఆ రంగు మూత పోర్టు గురించి ఒక మాట. దాని లోపలి భాగాన్ని స్వాబ్‌తో సరిగా శుభ్రం చేయడం సాధ్యం కాదు. అక్కడ సూది గుచ్చితే లోపలి వాల్వు పాడై కారుతుంది. త్రీవే గానీ, చిన్న ఎక్స్‌టెన్షన్ గానీ దొరికితే మందులన్నీ అక్కడి నుంచే ఇవ్వడం మేలు. తీసిన తెల్ల స్టాపర్‌ని మంచం మీద పెట్టి మళ్లీ బిగించే అలవాటు ఉంటే మాత్రం ఈరోజే మానేయాలి. తీసిన స్టాపర్ చెత్తబుట్టకే, కొత్తది పెట్టాలి.

ఇప్పుడు అందరినీ కలవరపెట్టే ప్రశ్న, గట్టిగా ఉంటే ఏం చేయాలని. ముందు చెయ్యి ఆపండి. తోయకుండానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. క్లాంప్ గానీ త్రీవే గానీ మూసి ఉందేమో, మోచెయ్యి గానీ మణికట్టు గానీ మడిచి ఉందేమో, మైక్రోపోర్ పట్టీ కింద గొట్టం మెలిక పడిందేమో, అదే చేతికి బీపీ పట్టీ ఉందేమో, చేతికి బిగించిన టూర్నికే పట్టీ విప్పడం ఎవరైనా మరిచారేమో. ఇవన్నీ సరిగానే ఉంటే చెయ్యి చాపించి, క్యాన్యులాని ఒక్క వెంట్రుక వాసి కదిపి, సిరంజిని మెల్లగా వెనక్కి లాగి చూడండి. అప్పటికీ వేలికి అడ్డు తగులుతుంటే ఆ లైన్ అయిపోయినట్టే, తీసేయాలి. ఒక్కసారి బలంగా తోసి చూద్దామన్న ఆలోచనే వద్దు. గడ్డ కదిలితే అది పోయేది ఊపిరితిత్తుల వైపే. సాధారణంగా అది చిన్నదే అయినా, అందులో క్రిములు చేరి ఉంటే వాటినీ మనమే లోపలికి పంపినట్టవుతుంది. తీసిన ఇనుప సూదిని మళ్లీ గొట్టంలో దూర్చి తెరిచే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు. గొట్టం ముక్క తెగి నరంలో ఉండిపోతుంది.

బ్యాక్‌ఫ్లో రాకపోవడం ఒక్కటే లైన్ పాడైందనడానికి గుర్తు కాదు. చేతి నరం సన్నగా ఉంటే లాగగానే గోడలు అంటుకుపోతాయి, క్యాన్యులా కొన నరంలోని వాల్వుకి ఆనుకుని ఉన్నా రక్తం రాదు. తోసేటప్పుడు సాఫీగా పోతూ, వాపు లేకుండా, నొప్పి లేకుండా, చర్మం చల్లబడకుండా, క్యాన్యులా పక్కనుంచి తడి రాకుండా ఉంటే మామూలు మందులు ఇవ్వొచ్చు. బ్యాక్‌ఫ్లో వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ లేదు. కొన సగం నరంలో, సగం బయట ఉన్నప్పుడు కూడా రక్తం వస్తుంది. కండని తినేసే మందులైతే మాత్రం బ్యాక్‌ఫ్లోతో పాటు పై గుర్తులన్నీ సరిగా ఉంటేనే ఇవ్వాలి. నోరడ్రినలిన్, కాల్షియం గ్లూకోనేట్, 25 శాతం డెక్స్‌ట్రోజ్, ఫెనిటోయిన్, ప్రోమెథజిన్, పొటాషియం ఆ కోవలోవి. "సూది కాడ మంటెత్తుతోంది సిస్టరమ్మా", "సెయ్యి బరువెక్కిపోనాది" అని రోగి అంటే, పైకి ఏమీ కనబడకపోయినా ఆపండి. వాపు కంటికి కనబడే కంటే ముందే వాళ్లకి తెలుస్తుంది. నొప్పి, ఎరుపు, వాపు, ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా, నరం వాపుని కొలిచే విప్ స్కోర్ 2 అవుతుంది. ఆ క్యాన్యులా తీసేయాల్సిందే, ఫ్లష్ సాఫీగా పోతున్నా సరే.

మందుల మధ్య ఫ్లష్ ఎందుకో తెలిస్తే ఎంత హడావుడి డ్యూటీలోనూ మానబుద్ధి కాదు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్ నడుస్తున్న లైన్‌లోనే సెఫ్ట్రియాక్సోన్ ఇస్తే, ఆర్‌ఎల్‌లోని కాల్షియంతో కలిసి సన్నటి పొడిగా పేరుకుంటుంది. ఆర్‌ఎల్ ఆపాలి, ఫ్లష్ చేయాలి, సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వాలి, మళ్లీ ఫ్లష్ చేసి అప్పుడు ఆర్‌ఎల్ వదలాలి. 28 రోజుల లోపు పసికందుకి కాల్షియం ఉన్న ద్రవాలు అవసరమైతే సెఫ్ట్రియాక్సోన్ అసలే వాడకూడదు. ఈ కలయికతో పసిబిడ్డల ప్రాణాలు పోయాయి. ఫెనిటోయిన్ బాగా క్షారం, డెక్స్‌ట్రోజ్‌లో పడితే గడ్డకడుతుంది. నార్మల్ సెలైన్‌తోనే ముందూ వెనకా కడగాలి, పెద్దవాళ్లకి మందు నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. బయటికి కారితే చెయ్యి ఊదారంగుకి తిరిగి వాచిపోతుంది. ఇక ప్రతి వార్డులో పొద్దున్నే జరిగేది, పాంటాప్ వెంటనే ఆన్‌డాన్‌సెట్రాన్. పాంటాప్ క్షారం, ఆన్‌డాన్‌సెట్రాన్ ఆమ్లం. క్షారంలో ఆన్‌డాన్‌సెట్రాన్ విరిగిపోతుంది. రెండూ ఒకే ట్రేలో ఉంటాయి, ఒకే చేత్తో ఒకదాని వెంట ఒకటి ఇచ్చేస్తాం. మధ్యలో 5 ఎంఎల్ సెలైన్ పోవాలి. అన్ని మందులకీ సెలైన్ పనికిరాదని కూడా గుర్తుంచుకోండి. ఆంఫోటెరిసిన్ బి సెలైన్‌లో విరుగుతుంది. దానికి ముందూ వెనకా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడిగి, ఆ డెక్స్‌ట్రోజ్ లైన్‌లో నిలవకుండా చివర సెలైన్ తోయాలి. చక్కెర నీళ్లు లైన్‌లో నిలిస్తే క్రిములకి తిండి పెట్టినట్టే.

మందు తర్వాత చేసే ఫ్లష్ వేగం మీద చాలామందికి ధ్యాస ఉండదు. ఆ ఫ్లష్‌లో మొదటి భాగం తోసేది సెలైన్‌ని కాదు, గొట్టంలో మిగిలిన మందుని. కాబట్టి మందు ఏ వేగంతో ఇచ్చామో ఫ్లష్ మొదటి ఎంఎల్ కూడా అదే వేగంతో పోవాలి. నోరడ్రినలిన్, డోపమిన్ లాంటివి నడుస్తున్న లైన్‌ని ఫ్లష్ చేయనే కూడదు. కాన్పు నొప్పుల కోసం ఆక్సిటోసిన్ నడుస్తున్న లైన్‌ కూడా అంతే. ఆపాల్సి వస్తే గొట్టంలో మిగిలింది సిరంజితో వెనక్కి లాగి పారేయాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన రోగి క్యాన్యులా విషయంలో మరీ జాగ్రత్త. మత్తు ఇచ్చేటప్పుడు వాడిన, కండరాలు పడిపోయేలా చేసే మందు ఒక్క చుక్క త్రీవేలో మిగిలిపోయినా, వార్డులో మనం చేసే మొదటి ఫ్లష్‌తో అది లోపలికి పోయి ఊపిరి ఆగొచ్చు. ఇంగ్లండ్ ఆరోగ్య సేవ 2014లోనూ, మళ్లీ 2017లోనూ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. థియేటర్ వదిలే ముందే లైన్లన్నీ ఫ్లష్ అయ్యాయా అని అప్పగింతలో అడిగి, సమాధానం రాసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

యాంటీబయాటిక్‌ని 100 ఎంఎల్ బాటిల్‌లో కలిపి ఎక్కించినప్పుడు ఇంకో నష్టం ఉంది. ఐవీ సెట్ గొట్టంలోనే 15 నుంచి 20 ఎంఎల్ దాకా నిలిచిపోతుంది. బాటిల్ ఖాళీ అయిందని సెట్ తీసి పారేస్తే అంత మేర మందు చెత్తబుట్టలో పడ్డట్టే. చిన్న సెలైన్ తగిలించి గొట్టంలోది లోపలికి పంపాలి.

సెలైన్ ఎక్కణ్నుంచి తీస్తామన్నది నా మటుకు అన్నిటికంటే పెద్ద విషయం. 500 ఎంఎల్ బాటిల్ ట్రాలీ మీద పెట్టి, మూతికి సూది గుచ్చి వదిలేసి, వార్డంతా అందులోంచే తీసే అలవాటు ఎక్కడున్నా ఆగాలి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో ఒక క్యాన్సర్ క్లినిక్‌లో 2000, 2001 సంవత్సరాల్లో ఇదే జరిగింది. రక్తం తీసిన సిరంజితోనే అందరికీ కలిపి పెట్టిన సెలైన్ సంచిలోంచి ఫ్లష్‌కి తీశారు. 99 మందికి హెపటైటిస్ సి అంటుకుంది. ఒక రోగికి ఒక ఆంప్యూల్, ఒక సిరంజి, ఒకేసారి. మిగిలింది పారేయాలి. 10 ఎంఎల్ ఆంప్యూల్స్ రాని రోజున, గతిలేక 100 ఎంఎల్ సెలైన్ తీసుకుంటే అది ఒక్క రోగికే ఉండాలి. పేరు, మంచం, తెరిచిన వేళ రాసి, తీసిన ప్రతిసారీ మూతి తుడిచి కొత్త సిరంజి, కొత్త సూది వాడి, షిఫ్టు మారేసరికి పారేయాలి. నియమం దీన్ని ఒప్పుకోదు, మనమూ అలవాటు చేసుకోకూడదు. ఆంప్యూల్స్ కోసం ఇండెంట్ రాస్తూనే ఉండాలి. రోజుకి ఎన్ని మందులు ఇస్తున్నామో లెక్కగట్టి, అందుకు రెట్టింపు సంఖ్య వేసి రాస్తే స్టోర్‌కి కూడా అవసరం అర్థమవుతుంది. సెలైన్ లేదని డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రం ఫ్లష్ చేయొద్దు. అందులో ఉప్పు లేదు, ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి.

ఆంప్యూల్ పేరు చదవమన్నది లాంఛనానికి కాదు. పొటాషియం క్లోరైడ్ కూడా 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూల్‌లోనే, నీళ్లలాగే కనబడుతుంది. అందులో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. ఫ్లష్ అనుకుని అది తోస్తే గుండె ఆగుతుంది. పొటాషియంని సెలైన్, డిస్టిల్డ్ వాటర్ ఉన్న ట్రేలో పెట్టనే కూడదు, వేరే అరలో ఎర్ర చీటీ అంటించి ఉంచాలి. ముందే నింపి పెట్టుకున్న సిరంజి ఏదైనా, పేరు రాయకుండా చేతిలోంచి వదిలితే దాన్ని పారేయడమే. ఎవరు నింపారో తెలిసినా పారేయాలి.

నెలలు నిండని బిడ్డల దగ్గర ఫ్లష్ ఉప్పు లెక్కలోకి కూడా వస్తుంది. 10 ఎంఎల్ నార్మల్ సెలైన్‌లో 1.5 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. కిలో బరువు బిడ్డకి రోజు మొత్తానికి కావలసింది సుమారు 3. రోజంతా కలిపి 10 ఎంఎల్ ఫ్లష్ పోతే సగం అక్కడే ఐపోయింది. కాబట్టి ప్రతి అర ఎంఎల్‌నీ ఇన్‌టేక్ చార్టులో రాయాలి. బెంజైల్ ఆల్కహాల్ కలిపిన సెలైన్‌ని గానీ నీళ్లని గానీ ఈ బిడ్డల దరిదాపులకి రానివ్వొద్దు.

మన జిల్లాలో ఈ జాగ్రత్తలన్నిటికీ ఇంకో బరువైన కారణం ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి జ్వరానికో వాంతులకో వచ్చి చేరిన మనిషికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూడకుండా ముంజేతికి సూది పెట్టేస్తే, రేపు డయాలసిస్‌కి ఫిస్టులా (ధమనిని నరంతో కలిపే ఆపరేషన్) చేయాల్సిన నరాన్ని మనమే చెడగొట్టినట్టు. ఒకసారి గట్టిపడి పూడిపోయిన నరం మళ్లీ ఫిస్టులాకి పనికిరావడం కష్టం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, ఉండొచ్చని అనుమానం ఉన్నవాళ్లకి అరచేతి వెనక వైపే పెట్టాలి. ఏ చేత్తో అన్నం తింటారో అడిగి, వీలైతే ఆ చేతికే పెట్టి, రెండో చేతిని వదిలేయాలి. ఫిస్టులా ఉన్న చేతికి క్యాన్యులా వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు. అరచేతి వెనక నరాలు సన్నవి, పెట్టిన ఆ ఒక్క లైన్ నిలబడాలంటే ఫ్లష్ సరిగా జరగాలి. పొలాల్లో పాము కాటుతో వచ్చి, రక్తం గడ్డకట్టని స్థితిలో ఉన్నవాళ్ల సంగతీ ఇంతే. మళ్లీ గుచ్చిన ప్రతి చోటా రక్తం ఊరుతూనే ఉంటుంది.

బాగా పనిచేస్తున్న లైన్‌ని మూడు రోజులయ్యాయని మార్చాలా అన్నదానికి 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన మంచి ఆధారం. 3,283 మందిలో కొందరికి మూడు రోజులకోసారి మార్చారు, మిగతావాళ్లకి చెడినప్పుడే మార్చారు. నరం వాపు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. అయితే చెడినప్పుడు మార్చడమంటే, చెడిందో లేదో షిఫ్టుకోసారైనా విప్పారిన కళ్లతో చూడటమని అర్థం. చెమటకి ఊడిన మైక్రోపోర్ మీద మళ్లీ మైక్రోపోర్ అతికిస్తూ పోతే కింద ఏముందో కనబడదు. మీ ఆసుపత్రి నియమం 72 గంటలకే మార్చమంటే అదే పాటించండి.

రోగి పక్కన ఉన్నవాళ్లకి కూడా రెండు మాటలు చెప్పి ఉంచాలి. బాటిల్ అయిపోతే గాలి లోపలికి పోయి ప్రాణం పోతుందని రాత్రంతా నిద్రపోకుండా కూర్చునే తల్లులు ఉంటారు. దానంతట అది కారే బాటిల్ ఖాళీ అయితే, నరంలోని ఒత్తిడికి సరితూగే ఎత్తులో నీటిమట్టం గొట్టంలోనే ఆగిపోతుంది. గాలి లోపలికి పోదు. బాటిల్‌ని చేత్తో నొక్కి ఎక్కిస్తేనో, పంపు పెడితేనో ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే త్వరగా ఎక్కాలని బాటిల్ పిసకొద్దని చెప్పాలి. ఖాళీ అయిన బాటిల్‌తో అసలు వచ్చే నష్టం వేరు. రక్తం గొట్టంలోకి ఎదురెక్కి గడ్డకడుతుంది. వాళ్లకి రోలర్ చూపించి, "నీళ్లు గొట్టంలోకి దిగడం కనబడితే దీన్ని కిందికి తిప్పి నన్ను పిలవండమ్మా, మీరు పీకొద్దు" అంటే చాలు. ఎరుపెక్కిన గొట్టం మీరు చూస్తే, దాన్ని పిండి రక్తాన్ని వెనక్కి పంపొద్దు. రోలర్ మూసి, సెట్ విప్పి, మూతి రుద్ది, 10 ఎంఎల్ సిరంజిలో 5 ఎంఎల్ సెలైన్‌తో మెల్లగా చూడండి. పోతే కొత్త సెట్ తగిలించండి. పోకపోతే తీసి, ఏ చేతికి ఎక్కడ ఏ వేళకి తీశారో కేస్‌షీట్‌లో రాయండి. తర్వాతి డ్యూటీ సిస్టర్ అదే నరంలో, దాని కింద భాగాన మళ్లీ గుచ్చకుండా ఉండేది ఆ రాత వల్లే.